19-19-19 పిచికారీ: పెన్నేరు ఆకుకు సరే, వేరుకు ఎంత?

ఎరువుల కొట్టుకు వెళ్లి "పెన్నేరు వేశాం, ఎదగడం లేదు" అంటే చాలు, కౌంటర్ మీదికి వచ్చేది 19-19-19 పాకెట్టే. టమాటకూ అదే, మిరపకూ అదే, పెన్నేరు అనే అశ్వగంధకూ అదే. నీళ్లలో పూర్తిగా కరిగే ఎరువుల్లో ఇది మంచి సరుకే. అయితే టమాటలో అమ్మేది కాయ, పెన్నేరులో అమ్మేది వేరు. ఆ వేరులో విథనోలైడ్లు, అంటే పెన్నేరులోని ఔషధ పదార్థాలు, ఎంత శాతం ఉన్నాయో చూసి కొనే కంపెనీలు ఇప్పుడు పెరిగాయి. అందుకని ఈ పాకెట్‌ను ఆకు పచ్చదనం చూసి మెచ్చుకుంటే సరిపోదు. తవ్విన వేరు బరువును, ల్యాబ్ రిపోర్టులోని శాతాన్ని గుణించి చూడాలి. అలా చూస్తే 5 మార్కులకు పెన్నేరులో 2.5, నేలవేములో 4, బిళ్ల గన్నేరులో 3.5 ఇవ్వొచ్చు.

పాకెట్‌లో ఏముంది

కిలో పాకెట్‌లో నత్రజని 190 గ్రాములు, భాస్వరం 190, పొటాష్ 190 గ్రాములు ఉంటాయి. అన్నీ కలిపి 570 గ్రాములు. నత్రజనిలో సగానికి పైగా యూరియా రూపంలోనే ఉంటుంది, మిగిలింది అమ్మోనియా, నైట్రేట్ రూపాల్లో. గంధకం, కాల్షియం, మెగ్నీషియం, జింకు, ఇనుము, బోరాన్ మామూలు రకంలో ఉండవు. కొన్ని కంపెనీలు సూక్ష్మపోషకాలు కలిపి అదే పేరుతో అమ్ముతాయి కాబట్టి పాకెట్ వెనక చదవాలి. రంగు చూసి మోసపోకండి. నీలం, ఆకుపచ్చ కేవలం అద్దకం, బలానికి గుర్తు కాదు.

కల్తీని ఇంట్లోనే పట్టుకోవచ్చు. గాజు సీసాలో లీటరు మినరల్ వాటర్ పోసి 50 గ్రాముల మందు వేసి కలపండి. పది నిమిషాలకు నీళ్లు తేటపడాలి, అడుగున ఇసుకలాంటి మడ్డి కనపడకూడదు. బోరు నీళ్లతో ఈ పరీక్ష చేయొద్దు. ఆ నీళ్లలోని కాల్షియం భాస్వరంతో కలిసి తెల్లగా విరుగుతుంది, మంచి సరుకును కూడా కల్తీ అనుకుంటారు. కలిపేటప్పుడు సీసా పట్టుకుంటే చల్లగా తగలాలి. యూరియా కరిగేటప్పుడు నీటిలోని వేడిని లాక్కుంటుంది. ఈ చల్లదనం వల్లే బకెట్లో ఒకేసారి ఎక్కువ పోస్తే చివర్లో సగం గడ్డలుగా ఉండిపోతుంది. ముందు కిలో మందును 10 లీటర్ల నీళ్లలో బాగా కలియబెట్టి, పది నిమిషాలు ఆగి, వడగట్టి, ఆ తర్వాతే డ్రమ్ములో పోయాలి. తెరిచిన పాకెట్ వానాకాలంలో రెండు రోజుల్లో చెమ్మ పట్టి ముద్దవుతుంది. ముద్దయినా పోషకం పోదు గానీ తూకం తప్పుతుంది.

ఒక మొక్కకు చేరేది ఎంత?

లీటరుకు 5 గ్రాములు, ఎకరాకు 200 లీటర్లు. 16 లీటర్ల ట్యాంకుకు 80 గ్రాములు, ఎకరాకు పన్నెండున్నర ట్యాంకులు. అంటే ఒక పిచికారీకి కిలో మందు, 190 గ్రాముల నత్రజని. 30 సెంటీమీటర్ల సాళ్లలో 10 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున మొక్క ఉంచితే ఎకరాలో దాదాపు 1,35,000 మొక్కలుంటాయి. మొక్క వంతుకు వచ్చేది 1.4 మిల్లీగ్రాములు, అదీ ఒక్క చుక్క నేల మీద పడకపోతే. 40 రోజుల మొక్క ఆకుల ఎండు బరువు 2 గ్రాములు, అందులో నత్రజని 3 శాతం అనుకుందాం. ఆకుల్లో అప్పటికే 60 మిల్లీగ్రాములు ఉన్నట్టు. మనం కొట్టింది అందులో నలభయ్యో వంతు కూడా కాదు.

అయినా నాలుగైదు రోజుల్లో ఆకు రంగు తిరగడం నిజమే. బెట్టలో వేరు నుంచి ఏమీ అందనప్పుడు, లేదా ముసురు పట్టి మడిలో నీళ్లు నిలిచి వేరు పని ఆపేసినప్పుడు, ఆకు మీద పడిన యూరియా నేరుగా లోపలికి పోతుంది. ఆ వారం పది రోజులు గట్టెక్కించడంలో ఈ మందుకు పేరు పెట్టడానికి లేదు. పంటకు కావలసిన తిండి మొత్తం దీంతోనే పెట్టాలనుకుంటే మాత్రం లెక్క కుదరదు. పెన్నేరుకు మామూలుగా చెప్పే ఎకరాకు 6 కిలోల నత్రజని దీని ద్వారా ఇవ్వాలంటే 32 పాకెట్లు కావాలి. అదే 6 కిలోలు 13 కిలోల యూరియాలో వస్తాయి. 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలు, అంటే కిలో నత్రజని 13 రూపాయలు.

పచ్చదనం పెరిగితే ఔషధ పదార్థం శాతం ఎందుకు తగ్గుతుంది?

పెన్నేరు విథనోలైడ్లలో ఒకటైన, విలువైన విథాఫెరిన్-ఏ అణువులో 28 కార్బన్, 38 హైడ్రోజన్, 6 ఆక్సిజన్ పరమాణువులుంటాయి. నత్రజని ఒక్కటీ లేదు. నేలవేములోని ఆండ్రోగ్రఫోలైడ్‌లో 20 కార్బన్, 30 హైడ్రోజన్, 5 ఆక్సిజన్. అందులోనూ లేదు. సునాముఖి సెన్నోసైడ్లలోనూ లేదు. బిళ్ల గన్నేరు నుంచి తీసే క్యాన్సర్ మందు విన్‌క్రిస్టిన్‌లో మాత్రం 4 నత్రజని పరమాణువులున్నాయి. ఏ పంటకు ఏ ఎరువు అన్న ప్రశ్నకు సగం జవాబు ఈ తేడాలోనే ఉంది.

నత్రజని పుష్కలంగా దొరికితే మొక్క తన దగ్గరున్న కార్బన్‌ను కొత్త ఆకులు, కొమ్మలు వేయడానికి ఖర్చు పెడుతుంది. నత్రజని కాస్త తక్కువై ఎండ బాగా ఉంటే, ఎదుగుదల మందగించినా చక్కెరల తయారీ సాగుతూనే ఉంటుంది. మిగులు కార్బన్ రక్షణ పదార్థాల వైపు మళ్లుతుంది. బ్రయంట్, చాపిన్, క్లైన్ 1983లో కార్బన్-పోషక సమతుల్యత పేరుతో ప్రతిపాదించింది ఈ సంగతే. టానిన్ల వంటి ఫినాలిక్ పదార్థాల విషయంలో ఇది బాగా సరిపోతుంది. విథనోలైడ్ల వంటి టెర్పెన్ జాతి పదార్థాల్లో అన్నిసార్లూ ఇంత సూటిగా ఉండదు, ఎందుకంటే వాటిని తయారుచేసే ఎంజైములు మాంసకృత్తులే, వాటికి నత్రజని కావాలి. అసలు నత్రజనే లేని మడిలో మొక్క గిడసబారి, వేరూ ఉండదు, ఔషధ పదార్థమూ ఉండదు. అందుకే పెన్నేరుకు నత్రజని మానేయమని చెప్పడం తప్పు. కొంచెం, మొదట్లో ఇవ్వాలి.

దీనికి తోడు పలచబడడం అనేది ఒకటుంది. ఉదాహరణకు ఎకరాకు 250 కిలోల ఎండు వేరు, విథనోలైడ్లు 0.40 శాతం ఉంటే చేతికొచ్చే విథనోలైడ్ 1 కిలో. నత్రజని దండిగా వేసి వేరు 290 కిలోలకు పెంచినా శాతం 0.32కు పడిపోతే 930 గ్రాములే. మండీలో బరువుకు, లావుకు ధర కట్టేచోట రైతుకు ఇది లాభం. శాతానికి ధర కట్టే కంపెనీతో ఒప్పందం ఉంటే నష్టం. కాబట్టి మందు కొనేముందు తేల్చుకోవలసింది సరుకు ఎవరికి అమ్ముతున్నామన్నదే.

ఆకు పెరిగితే ఆకే అమ్ముకోవచ్చు కదా అన్న ఆలోచనకు ఇప్పుడు తావు లేదు. విథాఫెరిన్-ఏ ఆకులోనే ఎక్కువన్నది నిజం. కానీ అశ్వగంధ ఆకు వాడొద్దని ఆయుష్ మంత్రిత్వ శాఖ 2021లో తయారీదారులకు చెప్పింది. ఆయుర్వేద ఫార్మకోపియా (మందుల ప్రమాణ గ్రంథం) గుర్తించేది వేరునే.

పొటాష్ దగ్గర అసలు కిటుకు

పాకెట్‌లోని మూడింట్లో వేరు పంటకు ఎక్కువ పనికొచ్చేది పొటాష్. ఆకులో తయారైన చక్కెర వేరు దాకా దిగాలంటే పొటాష్ ఉండాలి. అది తక్కువైతే చక్కెర ఆకులోనే పేరుకుంటుంది, ముదురాకు అంచులు మాడతాయి, వేరు పీచులా సన్నగా ఉండిపోతుంది. మంచి పెన్నేరు వేరును ఎండాక వంచితే టప్పున విరగాలి, లోపల తెల్లగా పిండిలా కనపడాలి. విరిగిన చోట ఒక చుక్క అయోడిన్ వేస్తే పిండి పదార్థం బాగా ఉన్న వేరు క్షణంలో నల్లనీలం అవుతుంది. పీచు వేరు మీద గోధుమరంగు అలాగే మిగిలి, అక్కడక్కడ నీలం చారలు వస్తాయి. ఏడు సెంటీమీటర్ల దాకా పొడవు, ఒకటి నుంచి ఒకటిన్నర సెంటీమీటర్ల మందం, లోపల తెలుపు, గట్టిదనం ఉన్న ముక్కలకే 'ఏ' గ్రేడు.

ఈ పొటాష్ వేరు ఊరే దశలో, అంటే విత్తిన 90 రోజుల తర్వాత కావాలి. ఆ దశలో 19-19-19 కొడితే పొటాష్‌తో పాటు అంతే నత్రజనీ పోతుంది, మొక్క మళ్లీ లేత కొమ్మలు తొడుగుతుంది, వేరుకు దిగవలసిన చక్కెర అటు మళ్లుతుంది. పేనుబంక కూడా ఆ లేత కొమ్మల మీదే చేరుతుంది. పెన్నేరులో మార్కులు తగ్గించడానికి పెద్ద కారణం ఇదే. మందు చెడ్డది కాదు, నిష్పత్తి తప్పు. 90, 110 రోజుల్లో వాడవలసింది 0-0-50, అంటే సల్ఫేట్ ఆఫ్ పొటాష్, లీటరుకు 5 నుంచి 10 గ్రాములు. దాంతో గంధకం కూడా అందుతుంది. 13-0-45 (పొటాషియం నైట్రేట్) ఇవ్వొచ్చని కొట్టువాళ్లు చెబుతారు. అందులో 13 శాతం నత్రజని ఉంది కాబట్టి వేరు పంటకు నేను దాన్ని రెండో వరసలోనే పెడతాను.

భాస్వరం సంగతి వేరు. విథనోలైడ్లు, ఆండ్రోగ్రఫోలైడ్ కట్టడానికి మొక్క వాడే ఇటుకలు ఫాస్ఫేట్ తగిలించిన ఐదు కార్బన్ల ముక్కలు. కాబట్టి భాస్వరం కావలసిందే, కాని అది మొక్క చిన్నప్పుడు, వేరు పక్కన ఉండాలి. ఏళ్ల తరబడి డీఏపీ పడిన కూరగాయల భూమిలో భాస్వరం ఇప్పటికే మిగిలి ఉంటుంది. అక్కడ డ్రిప్‌లో వారం వారం 19-19-19 వదిలితే భాస్వరం ఇంకా పేరుకుని జింకు, ఇనుము అందకుండా చేస్తుంది. వేరును అంటిపెట్టుకుని బతుకుతూ దానికి భాస్వరం అందించే వ్యామ్ శిలీంధ్రం కూడా భాస్వరం ఎక్కువైతే వేరులో తక్కువగా పాకుతుంది. వ్యామ్ డబ్బా కొని, దాని పక్కనే 19-19-19 పోయడం డబ్బు దండగ.

నేలవేము, బిళ్ల గన్నేరు

నేలవేములో ఆకే సరుకు. ఆండ్రోగ్రఫోలైడ్ ఎక్కువగా ఉండేది ఆకులోనే, కాండంలో చాలా తక్కువ. నాటిన 25, 45 రోజులకు ఒక్కో పిచికారీ ఇస్తే ఆకు మందంగా, ఎక్కువగా వస్తుంది. శాతం కొద్దిగా తగ్గినా ఆకు బరువు పెరిగి ఎకరా మొత్తం మీద ఆండ్రోగ్రఫోలైడ్ ఎక్కువే చేతికొస్తుంది. నాలుగు మార్కులు అందుకే. కోత ఆలస్యమైతే మాత్రం ఆ లాభమంతా పోతుంది. పూత మొదలయ్యే దశలో, 90 నుంచి 110 రోజుల మధ్య కోయాలి. గింజ కట్టాక ఆకు రాలి, మోపులో పుల్లలే మిగులుతాయి. నత్రజని ఎక్కువైన చేలో పూత వెనక్కి జరుగుతుంది కాబట్టి రోజులు లెక్కపెట్టి కాకుండా పువ్వు చూసి కొడవలి పెట్టాలి. తులసికీ దాదాపు ఇదే పద్ధతి, కోత మాత్రం నిండు పూతలో.

బిళ్ల గన్నేరులో విన్‌క్రిస్టిన్ వంటి ఆల్కలాయిడ్లు నత్రజనితోనే తయారవుతాయి, కాబట్టి ఎరువు నేరుగా సరుకుగా మారుతుంది. ఆరు నెలలకు, తొమ్మిది నెలలకు ఆకు దూసి, ఏడాదికి వేరుతో సహా పీకే పంట ఇది. ఆకు దూసిన పది రోజులకు చిగురు కనపడగానే పిచికారీ ఇస్తే మొక్క త్వరగా తేరుకుంటుంది. నేలవేము కంటే అర మార్కు ఎందుకు తగ్గిందంటే, ఏడాది పాటు ఉండే పంటకు నేలలో వేసే యూరియానే చవక, పిచికారీ దానికి తోడు మాత్రమే.

ఎక్కడ దెబ్బతింటారు

పసుపు రంగంతా నత్రజని లోపం అనుకోవడం మొదటి తప్పు. అడుగు ఆకులు ముందు పసుపైతే నత్రజని. కొసన లేతాకు పసుపై, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము. సున్నం ఉన్న చెలకల్లో, పీహెచ్ 8 దాటిన చోట పెన్నేరుకు ఇది తరచుగా వస్తుంది. దానికి 19-19-19 ఎన్నిసార్లు కొట్టినా రంగు రాదు. 200 లీటర్ల నీటికి కిలో అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 200 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి పది రోజుల తేడాతో రెండుసార్లు కొట్టాలి.

కలపకూడనివి కలపడం రెండోది. కాల్షియం నైట్రేట్‌తో ఒకే ట్యాంకులో కలిపితే తెల్లని మడ్డి దిగి నాజిల్ పూడుకుపోతుంది, డ్రిప్పర్లు మూసుకుపోతాయి. జింకు సల్ఫేట్‌తో కలిపినా జింకు ఫాస్ఫేట్‌గా మారి రెండూ పనికిరావు. వీటి మధ్య కనీసం మూడు నాలుగు రోజుల తేడా ఉండాలి.

పెన్నేరు ఆకు మీద సన్నని నూగు ఉంటుంది. చుక్క ఆ నూగు మీదే ముత్యంలా నిలబడి, ఆకును తాకకుండా జారిపోతుంది. లీటరుకు అర మిల్లీలీటరు జిగురు మందు కలిపితే చుక్క పరుచుకుంటుంది. కొట్టే వేళ సాయంత్రం 4 తర్వాత. మిట్టమధ్యాహ్నం కొడితే నీరు ఆవిరై ఉప్పు మిగిలి ఆకు కొసలు మాడతాయి. మోతాదు లీటరుకు 10 గ్రాములు దాటితే చల్లటి వేళలో కూడా మాడుతుంది. నేల పూర్తిగా ఎండి మొక్క వాలినప్పుడు కొట్టొద్దు. ఒక తడి ఇచ్చో, చినుకు పడ్డాకో కొట్టాలి.

ఒక విషయంలో మాత్రం ఈ మందుకు అదనపు మార్కు ఇవ్వాలి. ఔషధ మొక్కల సరుకులో సీసం 10 పీపీఎం (కిలోకు 10 మిల్లీగ్రాములు), ఆర్సెనిక్ 3, పాదరసం 1, కాడ్మియం 0.3 పీపీఎం మించకూడదు. రాక్ ఫాస్ఫేట్ నుంచి వచ్చే ఎరువుల్లో కాడ్మియం అంతో ఇంతో ఉంటుంది. శుద్ధి చేసిన లవణాలతో చేసే నీటిలో కరిగే ఎరువుల్లో ఆ భయం తక్కువ. జింకు లోపం ఉన్న నేలలో మొక్క కాడ్మియంను మరింతగా లాగుతుంది. కాబట్టి మట్టి రిపోర్టులో జింకు 0.6 పీపీఎం కంటే తక్కువ ఉంటే దాన్ని సరిచేయడం ఔషధ పదార్థం శాతానికి, సరుకు పరీక్షలో పాసవడానికి రెండింటికీ అవసరం.

ఇదే డబ్బుతో ముందు కొనవలసినవి

సాయిల్ హెల్త్ కార్డు 12 అంశాలు చూపిస్తుంది, దాన్ని ముందు తీయించుకోండి. పెన్నేరుకు ఆఖరి దుక్కిలో ఎకరాకు 4 టన్నుల చివికిన పశువుల ఎరువు, ముప్పావు బస్తా సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ వేయాలి. ఆ 37.5 కిలోల సూపర్‌లో 6 కిలోల భాస్వరంతో పాటు 4 కిలోల గంధకం ఉచితంగా వస్తుంది. యూరియా 13 కిలోలు, సగం దుక్కిలో, సగం ఒత్తు మొక్కలు తీశాక 30 నుంచి 35 రోజులకు పదునులో. పొటాష్ తక్కువని కార్డు చెబితే 10 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్. పచ్చి పేడ వేయొద్దు, చెదలు పట్టి వేరు గుల్ల చేస్తాయి.

ఇవన్నీ వేశాక 19-19-19 ఒకటి లేదా రెండు పిచికారీలు, 35 నుంచి 60 రోజుల మధ్య, బెట్టో ముసురో మొక్కను ఆపినప్పుడు. 70 రోజుల తర్వాత పెన్నేరు మీద కొట్టొద్దు.

నమ్మకం కుదరకపోతే మడి మధ్యలో నాలుగు సాళ్లు కర్రలు పాతి పిచికారీ లేకుండా వదిలేయండి, మిగతావన్నీ సమానంగా చేయండి. ఆకులు ఎండి కాయలు ఎర్రబడ్డాక అటు 20 మొక్కలు, ఇటు 20 మొక్కలు, అంచు సాళ్లు కాకుండా లోపలివి తవ్వండి. కాండం మొదలు కోసేసి, కడిగి, ఒకే పందిరి కింద ఆరబెట్టి, ముక్క టప్పున విరిగేదాకా ఆగి తూకం వేయండి. తర్వాత లావు వేరు, సన్న వేరు అన్నీ కలిసేలా ఒక్కోదాంట్లోంచి 200 గ్రాములు తీసి, ఒకే రోజు ఒకే ల్యాబ్‌కు మొత్తం విథనోలైడ్ల పరీక్షకు పంపండి. ఏ సంచి ఏ సాలుదో ల్యాబ్‌కు చెప్పకుండా సంచుల మీద 1, 2 అని మాత్రమే రాయండి.